ఆదివారం వచ్చే సిస్టరమ్మ

కామారెడ్డిలో మా నర్సింగ్ కాలేజీ ల్యాబులో మంచం మీద ఒక బొమ్మ పడుకుని ఉండేది. రబ్బరు ఒళ్లు, గులాబీ రంగు, నీలం కళ్లు. మేం దాన్ని దొరసాని అని పిలిచేవాళ్లం. దొరసానికి ఒళ్లు తుడవడం, దొరసానిని పక్కకు తిప్పడం, దొరసాని వీపు చూడడం, ఇవే మా మొదటి పాఠాలు. ఎంత తిప్పినా మూలగదు, సిగ్గుపడదు, వద్దనదు. మనిషి ఒంటిని పరీక్షించడం నేర్చుకోవడానికి అంతకంటే పనికిరాని వస్తువు ఇంకోటి ఉండదని నాకు తర్వాత తెలిసింది.

మా పాఠ్యపుస్తకం తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. కదలకుండా పడుకున్న మనిషికి ఎముక ఒత్తుకునే చోట ముందుగా చర్మం ఎర్రబడుతుందట. వేలితో నొక్కితే తెల్లబడి మళ్లీ ఎర్రబడితే పరవాలేదట, తెల్లబడకపోతే పుండు మొదలైనట్టట. పక్కనే ఫోటో, ఎవరో తెల్లావిడ వీపు. క్లాసులో అందరం తలా ఒక మోచేయి నొక్కుకుని చూసుకున్నాం. ఎర్రబడిందీ లేదు, తెల్లబడిందీ లేదు. నాకు నోరు ఊరుకోదు. లేచి నిలబడి, "మేడం, మా ఊళ్లె ఎవ్వరు గూడ గిట్ల ఎర్రవడరు" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. మేడం మాత్రం నవ్వలేదు.

"నువ్వన్నది నిజమే. మన ఒంటి మీద ఎరుపు కోసం వెతుక్కుంట కూసుంటే, అది దొరికేసరికి పుండే దొరుకుతది. చెయ్యి వెనక వైపు ఆనించి చూడు. పక్క చోటు కంటె వేడిగ ఉన్నదా, గట్టిగ ఉన్నదా, మెత్తబడ్డదా, చెమ్మగిల్లిందా. రంగు సంగతి తర్వాత" అన్నది.

అందరూ నోట్సు రాసుకుంటున్నారు. నేను రాయలేదు. నా చేయి వెనక్కి తిప్పి దాన్నే చూస్తూ కూర్చున్నాను. నాకు బాపు గుర్తొచ్చాడు.

బాపు కల్లు గీసేవాడు. మా ఊరు ఎల్లారెడ్డిలో బస్సు దిగి ఆటోలో వెళ్లేంత దూరం. నేను కాలేజీలో చేరిన ఏడాదే, వాన వెలిసిన ఒక పొద్దున, తడిసిన తాటిచెట్టు మీద నడుముకు బిగించుకునే మోకు జారి పడ్డాడు. ప్రాణం దక్కింది, నడుం దక్కలేదు. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి ఇంటికి పంపించేశారు. బొడ్డు దగ్గర నుంచి కింద ఏదీ ఆయనకు తెలియదు. పంపించే ముందు అక్కడి డాక్టరు నాకూ అవ్వకూ ఒకటే మాట చెప్పాడు. కాళ్ల మీద ఆశ పెట్టుకోకండి, వీపు మాత్రం కాపాడుకోండి, పుండు పడి లోపలికి పోయిందంటే ఈ మనిషి మిగలడు అని. మా దగ్గర అమ్మను అవ్వ అంటాం. డాక్టరు మాటకు అవ్వ తల ఊపింది, నేనూ ఊపాను. వీపంటే ఏమిటో అప్పటికి ఇద్దరికీ తెలియదు.

మేడం పాఠం చెప్పిన ఆ వారం నుంచి నేను ప్రతి శనివారం సాయంత్రం లింగంపేట మీదుగా వెళ్లే బస్సెక్కేదాన్ని. ల్యాబులో నేర్చుకున్నవన్నీ ఆదివారం బాపు మీద చేసేదాన్ని. కంటి కింది రెప్ప లాగి రక్తం ఉందో లేదో చూడడం, నాలుక, గోళ్లు, ముంజేతి చర్మం చిటికెతో పట్టి వదిలి అది ఎంత తొందరగా సర్దుకుంటుందో చూడడం. బాపు సంబరం చూడాలి! గోడ అవతలి వాళ్లకు వినపడేలా, "నా బిడ్డ నన్ను సదువుకుంటున్నదిరా" అని అరిచేవాడు. ఛాతీ మీద ఎడమ చేతి వేలు ఆనించి, కుడి చేతి వేలితో తట్టి చప్పుడు వింటుంటే పడీ పడీ నవ్వాడు.

"ఏందే, కల్లు లొట్టి కొట్టి సూసినట్టు సూస్తున్నవ్? నిండిందా, సగమే ఉన్నదా?"

"సగమే ఉన్నది బాపూ. మిగిలింది ఎవలో తాగిండ్రు."

"ఎవలో ఎందుకైతరు? నా తమ్ముడే తాగి ఉంటడు."

ఆయన ఛాతీ మీదా ముంజేతుల లోపలి వైపూ చెట్టు రాపిడికి చర్మం బెరడు కట్టి ఉండేది. సూది కూడా దిగేది కాదేమో. ఒక ఆదివారం దూది పోగు తీసుకుని, కళ్లు మూసుకో, తాకినప్పుడల్లా ఆఁ అను అని చెప్పాను. మెడ దగ్గర ఆఁ. పక్కటెముకల మీద ఆఁ. కడుపు మీద ఆఁ. బొడ్డు దాటాక ఏ చప్పుడూ లేదు. కాసేపటికి కళ్లు తెరిచి, "అయిపోయిందా?" అని అడిగాడు. నేనింకా తాకుతూనే ఉన్నాను. అయిపోయింది బాపూ అని దూది చున్నీ అంచులో దాచుకున్నాను.

అక్కడితో ఆగిపోయేది నా చదువు. లుంగీ ముడి దగ్గర. నాకు కావలసినదంతా దాని కిందే ఉంది, నడుం చివరి ఎముక, తుంటి, మడమలు. నేను పక్కకు తిప్పబోయినా దుప్పటి లాగబోయినా బాపు నా చేయి పట్టుకునేవాడు. నడుం పోయినా చేతుల్లో బలం ఏమీ తగ్గలేదు.

"అవన్ని మీ అవ్వ సూసుకుంటది. నువ్వు లే."

"అవ్వకు తెల్వదు బాపూ. నేను సదువుకున్న. ఒక్కపారి సూస్త."

"రేపు పెండ్లిల నీ కాళ్లు కడిగి ఇయ్యాల్సినోన్ని నేను. గసుంటి బిడ్డతోని నా కింద కడిగిపిచ్చుకుంటనా? ఊకో."

ఇది మా ఇంట్లో ఒక్క బాపు మాట కాదు. మా వైపు తండ్రి కూతురి కాళ్లు కడుగుతాడు, కూతురు తండ్రి ముందు కొంగు కూడా సర్దుకునే కూర్చుంటుంది. దానికి ఎదురు మాట ఉండదు.

అవ్వను అడిగితే, "ఏం లేదే, జెర నల్లవడ్డది, అంతే" అనేది. పొద్దున కూలికి పోయే ముందు చిన్నబాపు, అంటే బాపు తమ్ముడు, వచ్చి ఒక చేయి వేస్తే ఇద్దరూ కలిసి తిప్పి, ఒళ్లు తుడిచి, పౌడరు చల్లేవాళ్లు. మళ్లీ పొద్దుగూకాక అవ్వ వచ్చేదాకా అదే పడక. నల్లబడిన చోట అవ్వ కొబ్బరినూనె పోసి అరచేత్తో గట్టిగా రుద్దేది, రక్తం ఆడాలని. చిన్నబాపు ఇంకా మంచి పని చేశాడు. పాత స్కూటర్ ట్యూబుకు గాలి కొట్టించి తెచ్చి, మెత్తగా ఉంటుందని అన్న నడుం కింద పెట్టాడు. ఊళ్లో మంచాన పడ్డ ఎవరికైనా అదే పెట్టేవాళ్లు. చూసినవాళ్లందరూ తమ్ముడంటే ఇట్లా ఉండాలి అన్నారు.

కాలేజీలో ఏది చేయొద్దని చెప్పారో, మా ఇంట్లో అదే ప్రేమగా జరుగుతున్నది. నల్లబడ్డ చోట రుద్దితే లోపలి కండ ఇంకా నలుగుతుంది. ట్యూబు మీద పడుకోబెడితే దాని అంచు చుట్టూ నొక్కి, మధ్యకు రక్తం అందకుండా చేస్తుంది. చెప్పాను, అరిచాను, ఏడ్చాను. "నువ్వు వారానికో దినం అచ్చి లొల్లి వెట్టకు బిడ్డా" అన్నాడు చిన్నబాపు. ఆయన మాటలో తప్పేమీ లేదు. మిగతా దినాలన్నీ మోసేది ఆయనే.

తర్వాతి ఆదివారం గడప దాటగానే వాసన తగిలింది. పౌడరు వాసన కింద, కొబ్బరినూనె వాసన కింద, ఇంకొకటి. వార్డులో పుండ్ల దగ్గర రోజూ పీల్చే వాసనే. దుప్పటి పట్టుకుని లాగాను. బాపు రెండు చేతులతో అదిమి పట్టాడు. ఇద్దరం పెనుగులాడాం, ఛీ, ఎవరైనా చూస్తే ఏమనుకునేవారు!

"సూస్తివా అంటే నేను అన్నం ముట్ట. ఒట్టు" అన్నాడు.

"ముట్టకు! పుండు వడి సస్తవ్!"

"సస్త. సిగ్గుతోని సస్త గని, సిగ్గిడిసి బతుక."

ఆయన అన్న మాట నిలబెట్టుకునే మనిషి. నేను దుప్పటి వదిలేశాను. చెప్పులేసుకుని వెళ్లి బస్సెక్కాను. కామారెడ్డి దాకా కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నాను. కండక్టరు టికెట్ కూడా గట్టిగా అడగలేదు.

ఆ వారమే నాకు ఆసుపత్రిలో మగవాళ్ల వార్డు. ఒక ముసలాయన, పక్షవాతం, జుక్కల్ వైపు నుంచి వచ్చాడు, మాటలో సగం మరాఠీ. మేడం నన్ను ఆయన వీపు చూడమంది. నేను తెర లాగి, నేర్పినట్టే, నేను ఫలానా, మీ వీపు చూడాలి, తిరగండి అని చెప్పాను. ఆయన, "సూడుండ్రి సిస్టరమ్మా" అని తనే చేయి ఊతం ఇచ్చి ఒరిగాడు. పంచె తీసినా అటు గోడ వైపు చూస్తూ ఊరి పంటల సంగతి చెప్పుకుంటూ పోయాడు. నా వయసు మనుమరాలు ఆయనకు ఉండే ఉంటుంది. ఆమె అడిగితే ఒరిగేవాడా? నా ఏప్రన్‌కు ఒరిగాడు. పని ముగించి చేతులు కడుక్కుంటూ, పరాయి తండ్రి వీపు ఇంత సులువుగా దొరికింది, నా బాపు వీపు దొరకదు అనుకుంటే కోపం ముంచుకొచ్చింది. ఆ కోపంలోనే నాకు ఆ ఆలోచన వచ్చింది.

ఆదివారం నేను మా ఇంటికి కూతురిలా వెళ్లలేదు. నీలం యూనిఫారం, తెల్ల ఏప్రన్, ముడి వేసిన జుట్టు, బూట్లు. సంచిలో గ్లవ్స్, గాజుగుడ్డ, సెలైన్ సీసా. అవ్వ వాకిట్లో నన్ను చూసి నోరు తెరిచింది. ఏమీ అనొద్దని సైగ చేశాను. తలుపు మీద వేళ్లతో కొట్టి, గడప బయటే నిలబడ్డాను. మా ఇంటి తలుపు ఎవరైనా కొట్టడం అదే మొదటిసారి.

"నమస్తే. నేను ఆసుపత్రి నుంచి అచ్చిన. పేషెంట్ మీరేనా? పేరు చెప్పుండ్రి."

బాపు నన్ను చూశాడు. ఏప్రన్ చూశాడు, బూట్లు చూశాడు. నవ్వుతాడేమో, తిడతాడేమో అనుకున్నాను. తర్వాత, రేషన్ షాపులో చెప్పినట్టు, ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పాడు.

"వీపు సూడాలె. తలుపు మూస్త. సరేనా?"

"మీ ఇష్టం సిస్టరమ్మా," అని ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

మీరు అన్నాడు. నా బాపు నన్ను మీరు అన్నాడు. అప్పుడే బయటికి పరుగెత్తాలనిపించింది. కాని చేయవలసిన పని ఉంది. అవ్వ ఒక పక్క పట్టింది, నేను ఒక పక్క పట్టాను, ఒరిగించాం. అప్పుడు చూశాను. చెట్టు ఎక్కి రాయిలా అయిన ఆ మనిషి, నడుం కింద ఇంత మెత్తబడిపోయాడా! తొడలు చిక్కి వేలాడుతున్నాయి. మడమల మీద చర్మం ఉబ్బింది. నడుం చివరి ఎముక మీద, పసుపూ పౌడరూ కలిసి గడ్డకట్టిన పెంకు కింద, నల్లటి మచ్చ. చుట్టూ చేయి వెనక వైపు ఆనించాను. కాలుతోంది. నొక్కితే లోపల మెత్తగా జారుతోంది. పైకి కనపడేది చిన్నది, లోపల పెద్దది. మేడం చెప్పినవన్నీ అక్కడ ఉన్నాయి, ఎరుపు ఒక్కటి తప్ప.

సెలైన్‌తో కడుగుతున్నాను. ఆయనకు నొప్పి తెలియదు. గోడకే చెబుతున్నట్టు మాట్లాడాడు.

"మా బిడ్డ గూడ మీ లెక్కనే నర్సు సదువుతున్నది సిస్టరమ్మా. కామారెడ్డిల."

"అవునా. మంచిగ సదువుతదా?"

"మంచిగనే సదువుతది. కోపమే జెర ఎక్కువ."

"ఎవలకు అచ్చిందో."

"వాళ్లవ్వకు," అన్నాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

ట్యూబు తీసి దొడ్లోకి విసిరేశాను. బయటికి వచ్చాక అవ్వ నా ఏప్రన్ పట్టుకుని, "నేను రుద్దినందుకేనానే? నేనే చేసిన్నా?" అని అడిగింది. కాదవ్వా, కదలకుండ పడుకున్నందుకు అని చెప్పాను. ఇంకే మాట చెప్పినా అది ఆమెను బతకనిచ్చేది కాదు. దొడ్లో చేతులు కడుక్కుని, పక్కింట్లో యూనిఫారం మార్చి పంజాబీ డ్రెస్సు వేసుకుని, ముడి విప్పి జడ వేసుకుని, ముందు తలుపులోంచి లోపలికి వెళ్లాను.

"బాపూ!"

"ఎప్పుడచ్చినవ్ బిడ్డా? తిన్నవా?" అన్నాడు, నన్ను వారం తర్వాత అప్పుడే చూసినట్టు. "ఇప్పుడే ఒక సిస్టరమ్మ అచ్చి పోయింది. చెయ్యి జెర మొరటుది గని, మనిషి మంచిదే."

ఇక ప్రతి ఆదివారం మా ఇంటికి ఇద్దరు వచ్చేవాళ్లు. ముందు సిస్టరమ్మ, తర్వాత బిడ్డ. సిస్టరమ్మ తలుపు కొట్టేది, పేరడిగేది, తిప్పేది, కడిగేది. బాపు ఆమెతో మీరు, రాండ్రి అనేవాడు. బిడ్డ వచ్చాక ఆమె మీద చాడీలు చెప్పేవాడు. మేమిద్దరం ఒక్కరోజు కూడా ఆ హద్దు దాటలేదు. సిస్టరమ్మగా ఉన్నప్పుడు నేను బాపూ అని పిలవలేదు. ఆయనకు అది ఎంత అవసరమో నాకు తెలుసు. నాకు మాత్రం ఎంత కష్టంగా ఉండేదో ఎవరికీ చెప్పలేదు.

ఎల్లారెడ్డి ఆసుపత్రి డాక్టరు చచ్చిన కండ తీసి శుభ్రం చేశాడు, మందులు రాశాడు. చిన్నబాపు తన పని మానుకుని మధ్యాహ్నం కూడా వచ్చి తిప్పేవాడు. మడమలు మానాయి. ఒక దశలో పుండు అంచుల్లో కొత్త కండ వచ్చింది, తడిగా, లేతగా. బిడ్డగా మారి లోపలికి వచ్చి బాపు పక్కన కూర్చుని ఊరికే నవ్వుతుంటే, "ఏందే, ఎవలన్న నచ్చిండా?" అని ఏడిపించాడు. మాకు మిగిలిన మంచి రోజు అదే.

పుండుకు ఆదివారాలు తెలియవు. అది అప్పటికే ఎముక దాకా పోయింది. వానలు మొదలయ్యాక చలి జ్వరం వచ్చింది, తగ్గింది, మళ్లీ వచ్చింది. మాట తడబడుతున్నదని చిన్నబాపు ఫోన్ చేసి, అంబులెన్సులో కామారెడ్డి తీసుకొచ్చాడు. నేను డ్యూటీలో ఉన్నాను. మేడం ఏమీ అడగకుండా నన్ను ఆయన మంచం దగ్గరికి పంపింది.

మిట్టమధ్యాహ్నం. అవ్వ మందులకని కిందికి వెళ్లింది. నేను బాపు ఒంటి మీద చేయి పెట్టాను. నుదురు కాలుతోంది, మోకాళ్లు చల్లగా ఉన్నాయి. గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడం లేదు. ఛాతీ మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే అట్లాగే నిలబడింది. పెదవుల లోపలి వైపు బూడిద రంగు. ఏడాదిగా నేర్చుకున్నదంతా ఒక్కసారే చదివాను. ఆ రోజు నాకు చదువు రాకపోతే బాగుండేది.

బాపు కళ్లు తెరిచాడు.

"సిస్టరమ్మా, మా బిడ్డ రాలే?"

ఆడుతున్నాడేమో అనుకున్నాను. కళ్లలోకి చూశాను. ఆట కాదు. నా ముఖం మీద చూపు నిలిచింది కాని, నన్ను పోల్చుకోలేదు.

ఇక నా వల్ల కాలేదు. వంగి, "బాపూ, నేనే. నీ బిడ్డను" అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు. ముఖంలో భయం వచ్చింది. జ్వరానికి దుప్పటి తీసేసి ఉంది, మూత్రం గొట్టం వేసి ఉంది, ఒంటి మీద గుడ్డ సరిగా లేదు. రెండు చేతులూ తొడల మీద వెతుకుతున్నాయి, కప్పుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని. ఎంత బలంగా దుప్పటి పట్టుకున్న చేతులు! ఇప్పుడు దాని కొసను కూడా పట్టుకోలేకపోతున్నాయి. "బిడ్డనా... బిడ్డ ముంగట..." అంటున్నాడు.

నేను నిటారుగా నిలబడ్డాను. ఏప్రన్ సర్దుకున్నాను.

"కాదు. నేను సిస్టర్‌ను. మీ బిడ్డ బస్సుల ఉన్నదట. అస్తున్నది."

చేతులు ఆగాయి. ఊపిరి వదిలాడు.

"గట్లనా. అయితే అది అచ్చేలోపట నన్ను మంచిగ కప్పుండ్రి సిస్టరమ్మా."

దుప్పటి తీసి మెడ దాకా కప్పాను. అంచులు పరుపు కిందికి మడిచాను. చాలా? అని అడిగాను. చాలు అని కళ్లు మూసుకున్నాడు. పొద్దు వాలకముందే పోయాడు. అవ్వ వచ్చి మీద పడి ఏడ్చేదాకా నేను మంచం పక్కన నిలబడే ఉన్నాను, బాపూ అని పిలవలేదు. ఆయన బిడ్డ ఇంకా బస్సులోనే ఉంది.